గట్టవతలాయన ముక్కు

ముక్కుకి ఆపరేషన్ నేను పెళ్లి కోసం చేయించుకున్నానని మా చుట్టాల్లో చాలామంది నమ్మకం. కాదు. నీడ కోసం చేయించుకున్నాను.

అప్పట్లో పెనుగొండ దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కలు చెప్పేదాన్ని. పొద్దున్న మొదటి పీరియడ్‌లో కిటికీలోంచి ఎండ నేరుగా బోర్డు మీద పడేది. నేను పక్కకి తిరిగినప్పుడల్లా నా ముక్కు నీడ వెళ్లి లెక్క మీద కూర్చునేది. ఒకరోజు ఏడో తరగతి పిల్ల ఒకతె లేచి, కొంచెం జరగండి టీచర్, మీ ముక్కు కింద ఎక్స్ ఎంతో కనబడటం లేదు అంది. వెక్కిరించి ఉంటే నాలుగు తగిలించి ఊరుకునేదాన్ని. వెక్కిరించలేదు. దానికి నిజంగానే కనబడలేదు. అందుకే నాకు అంత కడుపు మండింది.

ఆ ముక్కు మా నాన్నది. మధ్యలో ఎముక లేచి, చివర కిందికి వంగి, అచ్చం ఆయనదే. నాన్నకి బాగానే ఉండేది, ఆయనకి కింద మీసం తోడుంది కదా. నాకేముంది? బస్సు కండక్టరు కూడా నన్ను చూడగానే ఊరి పేరు అడక్కుండా టిక్కెట్టు చింపి ఇచ్చేవాడు.

రైల్లో రెండు రాత్రులు ప్రయాణం చేసి వెళ్లాల్సినంత దూరంలో, ఒక పెద్ద నగరంలో చేయించుకున్నాను. అక్కడి డాక్టరు ఒక ఆల్బమ్ ముందు పడేసి, ఇందులో ఏది కావాలో చూసుకోండి అన్నాడు. చీర ఎంచుకోవడానికి నాకు రెండు గంటలు పడుతుంది. ముక్కు రెండు నిమిషాల్లో ఎంచేసుకున్నాను. నాన్న వెంట వచ్చాడు, కాగితం మీద సంతకం పెట్టాడు, ఎందుకే అని ఒక్క మాట అడగలేదు. నా ముఖం నుంచి ఆయన ముక్కు తీసేయించుకుంటున్నానన్న ఆలోచన ఆయనకి వచ్చిందో లేదో నాకు తెలియదు. నాకు మాత్రం రాలేదు, అది నిజం.

ఊళ్లో ఏం చెప్పాలన్నది అమ్మ ముందే తేల్చేసింది. సైనస్ అని చెప్పాలి. అందం కోసం ముక్కు కోయించుకుందని తెలిస్తే ఊళ్లో పదేళ్లపాటు అదే కబురు. సైనస్ అయితే పాపం అంటారు. అన్నారు కూడా. పరామర్శకి వచ్చినవాళ్లు తెచ్చిన బ్రెడ్లూ బత్తాయిలూ తినలేక గేదెకి పెట్టాం. అందరూ నా ముఖంలోకి తేరిపారజూసి, ఎంతో మర్యాదగా, సైనస్ తీసేస్తే ముక్కు కాస్త చిన్నదవుతుందేమోనండీ అనేవారు. అవుతుందండి, లోపల గాలి పోతుంది కదా అనేది అమ్మ. నేను వంటింట్లోకి వెళ్లి నవ్వుకునేదాన్ని.

ఆ నవ్వు నెలన్నరే. వాపు దిగేకొద్దీ ముక్కు మధ్యలో గుంట పడింది. చివర ఎడమవైపు తిరిగింది. కుడి రంధ్రం పెద్దది, ఎడమది చిన్నది. ఆల్బమ్‌లో ఇలాంటిది లేనే లేదు. పేపర్లు దిద్దుతుంటే కళ్లజోడు నిలవక జారి నోటి దగ్గరికి వచ్చేది. పాత ముక్కు మీద అది మేకు కొట్టినట్టు ఉండేది. వెళ్లి ఆ డాక్టరుని నిలదీద్దామంటే మళ్లీ రెండు రాత్రుల రైలు. ఫోన్ చేస్తే, టైమ్ పడుతుందండి, ఓపిక పట్టండి అన్నాడు. అద్దం ముందు కూర్చుని ఏడ్చాను. ఏడిస్తే ముక్కు ఎర్రబడి ఇంకా వికారంగా ఉందని అదీ మానేశాను.

ఒక మధ్యాహ్నం అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తి నన్ను చూసింది. చేట పక్కన పెట్టింది.

"అటు తిరగవే," అంది. తిరిగాను. "ఇటు." తిరిగాను.

"ఓరి భగవంతుడా, ఇది గట్టవతలాయన ముక్కు."

మా పొలానికీ ఆయన పొలానికీ మధ్య ఒక గట్టు ఉంది. ఆ గట్టు ఏటా జానెడు తనవైపు జరుగుతోందని ఆయన అనుమానం. కాదు, మావైపే జరుగుతోందని నాన్న అనుమానం. నేను పుట్టకముందు నుంచీ ఆ ఇద్దరికీ మాటల్లేవు. అయినా దారిలో ఎదురుపడితే నేను "బాగున్నారా మావయ్యగారూ" అనాలి, ఆయన "ఆఁ, బాగున్నానమ్మా" అనాలి. తగాదా తగాదే, మర్యాద మర్యాదే. ఆయన ముక్కు మధ్యలో గుంట పడి, చివర ఎడమకి తిరిగి ఉండేది. చిన్నప్పటినుంచీ చూస్తున్నా పట్టించుకోలేదు. ఇప్పుడు అద్దంలో రోజూ కనిపించసాగింది.

మేం ముగ్గురమే అనుకుని ఊరుకునేవాళ్లమేమో. ఒకరోజు అమ్మా నేనూ యూరియా కోసం సొసైటీకి వెళ్లాం. అక్కడ కొత్తగా వచ్చిన గుమస్తా నన్ను ఒక్క క్షణం చూసి, సొరుగులోంచి కాగితం తీసి నా చేతిలో పెట్టి, మీ నాన్నగారిని ఇక్కడ సంతకం చేయమనండి అన్నాడు. కాగితం మీద గట్టవతలాయన పేరుంది. లైన్లో ఉన్న పదిమందీ ఒక్కసారి గోడ మీది క్యాలెండర్ వైపు చూశారు. అమ్మ నా చెయ్యి పట్టుకుని బయటికి లాగింది. యూరియా అక్కడే వదిలేసి ఇంటికొచ్చి మంచం ఎక్కింది.

మా ఇరుకు చూడండి. ఆపరేషన్ అని చెప్పేస్తే నా పరువు పోతుంది. చెప్పకపోతే అమ్మది పోతుంది. సైనస్‌కి ముక్కు మారదని అంతో ఇంతో అందరికీ తెలుసు. మరి పెళ్లీడుకొచ్చిన పిల్ల ముఖంలోకి పొరుగాయన ముక్కు ఎలా వచ్చింది? నేను చెప్పేస్తాను అన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఇప్పుడు చెబితే నన్ను కాయడానికి అబద్ధమాడుతున్నావంటారు అంది. ఈ మాటలు మొదలవగానే నాన్న తుండుగుడ్డ భుజాన వేసుకుని, నీళ్లు చూసొస్తానని పొలానికి వెళ్లిపోయేవాడు. పంట కోసేశాక కూడా నీళ్లు చూడ్డానికే వెళ్లాడు.

రెండు రోజులు మంచం మీద ఆలోచించి అమ్మ ఒక ఉపాయంతో లేచింది. ఇకమీదట ఆయన్ని మావయ్యగారూ అని పిలవకు, బాబాయిగారూ అను అంది. మావయ్య అయితే నాన్నకి రక్తం కలవదు. బాబాయి అయితే నాన్న వైపువాడు. తాతల నాడు ఎక్కడో కలిసి ఉంటాంలే అని జనం వాళ్లే సరిపెట్టుకుంటారట. ఇంత బుర్ర ఉన్న మనిషి లెక్కల టీచరు కాకుండా నన్ను చేసిందేమిటా అనిపించింది.

మర్నాడే ఆయన సైకిల్ మీద ఎదురొచ్చారు. "బాగున్నారా బాబాయిగారూ" అన్నాను. ఆయన సైకిల్ ఆపి, కాలు కింద పెట్టి, నేను మలుపు తిరిగేదాకా అలాగే నిలబడి చూశారు. మూడోరోజు ఇద్దరికీ కావలసిన ఒక పెద్దాయన మా అరుగు మీదికి వచ్చి కూర్చున్నాడు. కాఫీ తాగి, గొంతు సవరించుకుని, చాలా మర్యాదగా చెప్పాడు. ఇంటిపేర్లు వేరు, గోత్రాలు వేరు, ఇన్నేళ్లు లేని దాయాదితనం ఇప్పుడు ఎక్కడినుంచి వచ్చిందో కనుక్కోమన్నారట. పొలంలో వాటా అడిగే ఉద్దేశం ఉంటే ముందే చెప్పమన్నారట. ఆ వారమే ఆయన సర్వేయర్ని తెచ్చి గట్టు మళ్లీ కొలిపించుకున్నారు.

అమ్మ ఇక లాభం లేదంది. మొదటి ఆపరేషన్ వద్దని నెత్తీ నోరూ కొట్టుకున్న మనిషే, రెండోది చేయించాల్సిందేనని పట్టుబట్టింది. ఇంకెలాగైనా ఉండనీ, ఆయనలా ఉండకూడదు, అంతే. నాకు భయం. మొదటిసారి ముక్కు మీద కోపంతో వెళ్లాను. ఈసారి కత్తి అంటే ఏమిటో తెలిసి వెళ్లాలి.

రాజమండ్రిలో మంచి డాక్టరున్నారని విని ముగ్గురం బస్సెక్కాం. అమ్మ సంచిలో ఒక ఫోటో పెట్టుకుంది. సొసైటీ కొత్త బిల్డింగు తెరిచిన రోజున తీసింది. ఒక చివర నాన్న, ఇంకో చివర గట్టవతలాయన, మధ్యలో ఊరంతా.

డాక్టరుగారు పెద్దవయసు మనిషి, నిదానస్తులు. నా ముక్కు అటూ ఇటూ ఒత్తి చూశారు. లోపల ఎముక మరీ ఎక్కువ తీసేశారు, చెవి వెనక నుంచి మెత్తటి ఎముక తెచ్చి నిలబెట్టాలి అన్నారు. మొదటిది అయి ఏడాది నిండకుండా ముట్టుకోకూడదు, ముట్టుకున్నా పూర్తిగా బాగవుతుందని మాట ఇవ్వలేను అన్నారు. అమ్మకి అవేవీ పట్టలేదు. ఫోటో తీసి బల్లమీద పెట్టి, ఈ చివరాయనలా ఉండకూడదండి, అది చాలు అంది.

డాక్టరుగారు భూతద్దం పెట్టి చూశారు. చాలాసేపు చూశారు.

"ఇది పుట్టుకతో వచ్చిన ముక్కు కాదమ్మా. విరిగి అతుక్కున్నది. ఎవరో పక్కనుంచి గట్టిగా కొట్టారు."

వయసులో ఉన్నప్పుడు కాలవగట్టు మీద సైకిల్ మీంచి పడ్డారట, ఊరందరికీ తెలుసు అంది అమ్మ. సైకిల్ మీంచి పడితే ముందుకి పడతారు, ముక్కు ఇలా విరగదు అన్నారాయన. నేను ఎందుకో నాన్న వైపు చూశాను. నాన్న నేల చూస్తున్నాడు.

"పార కామతో అండి," అన్నాడు.

పెళ్లికి ముందు సంగతి. వేకువనే పొలంలో నీటి దగ్గర మాటా మాటా పెరిగింది. అక్కడ ఉన్నది వాళ్లిద్దరే. కొట్టానని చెప్పడానికి నాన్నకి భయం. దెబ్బ తిన్నానని చెప్పడానికి ఆయనకి నామోషీ. ఇద్దరూ గట్టు మీద కూర్చుని, నెత్తురు కడుక్కుని, సైకిల్ మీంచి పడ్డట్టు మాట అనుకున్నారు. ఆ తర్వాత మళ్లీ మాట్లాడుకోలేదు.

అమ్మ కళ్లు నిండిపోయాయి. "ఇన్నాళ్లూ నేను తలెత్తుకోలేక చస్తుంటే, అది విరిగిన ముక్కని తెలిసీ నోరు మెదపలేదా మీరు?"

"చెబితే నన్ను మనుషుల్ని కొట్టేవాడిలా చూస్తావని," అన్నాడు నాన్న.

డాక్టరుగారికి ఇలాంటివి అలవాటేమో, ఏమీ విననట్టు నా వైపు తిరిగి, మీ పాత ఫోటో పక్కనుంచి తీసింది ఉందా అని అడిగారు. లేదు. ఆ ముక్కుతో నేనెప్పుడూ పక్కకి తిరిగి ఫోటో దిగలేదు, అది అచ్చం నాన్నదే అని మాత్రం చెప్పాను. డాక్టరుగారు నాన్న ముఖం ఒకసారి చూసి, అయితే ఆయన్నే కొలుచుకుందాం అని స్కేలు తీశారు. ఆయన దగ్గరికి వస్తుంటే నాన్న కుర్చీలో వెనక్కి జరిగాడు. ముక్కుకి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"నాది వద్దండి. దీంతో మా అమ్మాయి చాలా పడింది. ఏదైనా మంచిది చూడండి."

ఎంత మామూలుగా అన్నాడంటే, పాడైన విత్తనం తిరిగి ఇచ్చేస్తున్నట్టుగా అన్నాడు. నాకు ఏడుపు ఆగలేదు. ఈసారి ముక్కు ఎర్రబడితే పడనీ అనుకున్నాను. ఏడాది నిండాక రండి, ఏం కావాలో మీరే తేల్చుకుని రండి అని డాక్టరుగారు పంపేశారు.

తిరిగొస్తూ నాన్న కడియం దగ్గర మమ్మల్నీ బస్సు దింపి, నర్సరీలో ఒక సపోటా అంటు కొన్నాడు. ఇంకో బస్సెక్కి రావులపాలెం దాకా దాన్ని ఒళ్లో పెట్టుకునే కూర్చున్నాడు. అమ్మ మొహం తిప్పుకునే కూర్చుంది గానీ కుండీ ఒరిగినప్పుడల్లా చెయ్యి వేసి పట్టుకుంది.

సాయంత్రం నాన్నా నేనూ ఆ అంటు పట్టుకుని గట్టవతలాయన ఇంటికి వెళ్లాం. నాన్న అరుగు కింద నిలబడి, "బావా, తప్పు నాదే," అన్నాడు. ఎన్నేళ్ల తర్వాతో ఆ పిలుపు. ఆయన అంటు చూశారు, నాన్నని చూశారు, చివరికి నా ముక్కు చూశారు. నేను మొత్తం చెప్పేశాను, నీడ దగ్గర్నుంచి ఆల్బమ్ దాకా, మా అమ్మకి పడిన నింద దాకా. ఆయన తాపీగా విని, మీ అమ్మని ఎవరూ ఏమీ అనుకోలేదమ్మా, నువ్వు ముక్కు కోయించుకున్నావని మొదటిరోజే ఊరందరికీ తెలుసు, ముఖం మీద ఎలా అంటామని సైనస్ అన్నాం అన్నారు. తర్వాత మీసంలోంచి నవ్వారు.

"నాది మీ నాన్న పైసా పుచ్చుకోకుండా చేశాడు. నువ్వు రెండు రాత్రులు రైలెక్కి వెళ్లాలా? ఇక్కడే అడిగితే చేసేవాడు కదా."

నాన్న అరుగు మీద కూలబడి నవ్వాడు. నేను మాత్రం నవ్వలేదు. నాకు చాలా కోపం వచ్చింది. ఇంటికొచ్చాక నవ్వాను.

సపోటా అంటు గట్టు మీదే పాతారు. ఇప్పుడు దాని కాయలు ఎవరివన్నది కొత్త తగాదా. కాకపోతే మాట్లాడుకుంటూ తగాదా పడతారు. అమ్మ ఎవరు అడిగినా అడక్కపోయినా చెప్పేస్తుంది: ఆయనది మావారు కొట్టింది, దీనిది డాక్టరు కొట్టాడు.

ఏడాది నిండింది. ఆ రోజు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, డాక్టరు చీటీ జేబులో పెట్టుకుని, అరుగు మీద తయారుగా కూర్చున్నాడు. ఎండ ఎదురుగా పడుతోంది. ఆయన పక్కకి తిరిగినప్పుడు గోడ మీద ఆ నీడ పడింది, ఎముకా వంపూ ఏమీ పోకుండా. నేను గుమ్మంలో నిలబడి చూశాను.

"నాన్నా, నేను రాను," అన్నాను.

"అదేంటే? నాది కాకుండా ఇంకోటి అడుగుదాంలే."

"ఇంకోటి నాకొద్దు. నీది ఇస్తానంటే వస్తాను."

నాన్న నిజంగానే ఆలోచించాడు. ముక్కు ఒకసారి పైనుంచి కిందిదాకా తడుముకున్నాడు.

"నాది నీకిచ్చేస్తే మరి నాకెలాగే?" అన్నాడు. చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, నీళ్లు చూడ్డానికి పొలం వెళ్లిపోయాడు.