మేకపాలకు పెట్టిన దండం

ఆ రోజు కల్లంలో మిర్చి ఏరుతూ దగ్గితే కొంగు మీద ఎర్రగా ఏదో పడింది. మిరప తొక్క అనుకుని దులిపాను. రాలలేదు.

మహబూబాబాద్ దగ్గర మా ఊళ్లో మిర్చి ఏరేవాళ్లందరికీ దగ్గు వస్తుంది. అందుకే నెల దాటినా ఘాటు వల్లే అనుకున్నాను. ఆ నెత్తురు చూసి మా ఆయన దవాఖానకు తీసుకుపోయాడు. ఎక్స్‌రే తీశారు, తెమడ పరీక్ష చేశారు.

"టీబీ ఉందమ్మా. ఆరు నెలలు గోలీలు మింగాలె. నడుమ ఆపొద్దు" అన్నది డాక్టరమ్మ.

గోలీలు మింగితే కడుపులో తిప్పేది. అన్నం సయించేది కాదు. నాకు అక్కలాంటి పక్కింటి జైనబ్బీ ఆపా రోజూ పొద్దున్నే తన మేకపాలు కాచి గ్లాసులో తెచ్చేది. రెండు నెలలకు దగ్గు ఆగింది, ఆకలి పుట్టింది. అంతా పాల మహిమే అనుకున్నాను. మేక కనిపిస్తే దండం పెట్టేదాన్ని. ఎవరికీ చెప్పకుండా గోలీలు మింగడం ఆపి బియ్యం డబ్బాలో దాచాను.

నెలన్నరకే మాపటేళ జ్వరం, మళ్లీ దగ్గు. బియ్యం కొలవబోయిన మా ఆయన చేతికి గోలీలు దొరికాయి. తిట్టలేదు. తెల్లారగానే మళ్లీ దవాఖానకు తీసుకుపోయాడు.

"సగంల ఆపితే రోగం మొండికెక్కుతది. ఈ గోలీలు ఇంక పనిచేస్తయో లేదో చూడాలె" అని డాక్టరమ్మ మళ్లీ పరీక్షకు రాసింది. రిపోర్టు వచ్చేదాకా, రోగం అంటకుండా, నా ఆరేళ్ల బిడ్డ గడప అవతలే కూర్చుని నాతో ముచ్చట్లు చెప్పింది.

పాత గోలీలే పనిచేస్తాయని తేలింది. కానీ మళ్లీ మొదటి నుంచి మింగాలి.

సంగతి తెలిసి ఆపా నడుము మీద చేతులు పెట్టుకుంది. "నా మేక ఏ దవాఖాన్ల చదివింది చెల్లె? గడ్డి తింటది, పాలిస్తది, గంతే!" అన్నది. నవ్వించబోయి తనే ఏడ్చింది.

మర్నాటి నుంచి గ్లాసు వీపు వెనక దాచుకుని నిలబడేది. "గోలి మింగు. నోరు తెరువు. నాలిక ఎత్తు. ఆఁ, ఇగ తాగు."

కోర్సు పూర్తయింది. పరీక్షలో ఏమీ లేదన్నారు. బిడ్డ ఇప్పుడు నా పక్కనే పడుకుంటుంది. ఆపాకు దండం పెట్టబోతే చేతులు పట్టుకుంది. "దండం గోలీలకు పెట్టు. నాకు పాయసం పెట్టు."

పెట్టాను, ఆమె మేకపాలతోనే.

మీకు నేను చెప్పేది ఒకటే. ఒంట్లో బాగుందని గోలీలు మీ అంతట మీరు ఆపకండి. ఆపమనే మాట డాక్టరు నోటి నుంచే రావాలి.