ప్రార్థన మధ్యలో కూలిన గుడారం

మొన్న షటిల్ బ్యాట్లు కొందామని వట్లూరు వైపు కొత్తగా తెరిచిన ఆటసామాన్ల దుకాణానికి వెళ్ళాను. గోడకి రెండు ట్రెక్కింగ్ కర్రలు వేలాడుతున్నాయి. కొనేవాళ్ళు లేక కాబోలు, బాగా దుమ్ము పట్టాయి. దుకాణం ఆయన వాటిని దులిపి, ఇవి కొండలెక్కేవాళ్ళకండీ, మనకి పనికిరావండీ అన్నాడు. నాకు నవ్వొచ్చింది. అలాంటి కర్రలతో మావాళ్ళు చేసిన పని ఏ కొండ మీదా జరిగి ఉండదు. బ్యాట్ల సంగతి మరిచిపోయి అక్కడే ఉన్న స్టూలు మీద కూర్చున్నాను.

మా మేనత్త భర్తని మేం మావయ్య అనేవాళ్ళం. తాడేపల్లిగూడెంలో ఒక ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి, రిటైరయ్యాక ఏలూరు వచ్చి స్థిరపడ్డారు. రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, పాత సహోద్యోగి ఎవరో రమ్మంటే హిమాలయాల్లో నడక శిబిరానికి వెళ్ళారు. అప్పటిదాకా ఆయన ఎక్కిన ఎత్తైన ప్రదేశం రైల్వే ఓవర్‌బ్రిడ్జి. మనిషి వెళ్ళి వచ్చారు గాని మనసు అక్కడే ఉండిపోయింది. తిప్పితే పొడుగయ్యే కర్రలు రెండు, మడిస్తే తువ్వాలంత అయ్యే పల్చటి గుడ్డ ఒకటి తెచ్చుకున్నారు. పగలు ఆ కర్రలతో నడవాలిట, మజిలీ చేరాక వాటినే నిలబెట్టి పైన ఆ గుడ్డ కప్పితే గుడారమట. వేరే గుంజలు మోసే పని లేదు. ఒక వస్తువు రెండు పనులు చెయ్యాలి, లేకపోతే దానికి సంచిలో ఉండే అర్హత లేదు అనేది ఆయన కొత్త సిద్ధాంతం. ఆ ఊపులో బరువు తగ్గుతుందని పళ్ళ బ్రష్షు కాడ సగానికి కోసేశారు. కోసిన బ్రష్షుతో ఏలూరులో, సొంత ఇంట్లో, నెలరోజులు పళ్ళు తోముకున్నారు.

అత్తయ్యకి ఈ హిమాలయాల గొడవ పట్టేది కాదు. ఆవిడ మిషను స్కూల్లో టీచరుగా చేశారు. ఊళ్ళో సగం మందికి చెవి మెలిపెట్టిన చెయ్యి అది. ఆ మధ్య మోకాళ్ళు అరిగిపోయాయి. కర్ర పట్టుకుని రోజూ నడవాలి, నడవకపోతే కాళ్ళు పూర్తిగా బిగుసుకుపోతాయి అన్నాడు డాక్టరు. ఆవిడ నడవడం మానేశారు గాని కర్ర మాత్రం పట్టలేదు. చర్చికి వెళ్ళడం మానేశారు. వరండాలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, వీధిలో పోయేవాళ్ళందరినీ అక్కడికే పిలిపించుకునేవారు. మావయ్య తను తెచ్చిన కర్రలు చూపించి, ఇవి ముసలివాళ్ళవి కాదు, పర్వతాలెక్కే కుర్రాళ్ళవి అని నచ్చజెప్పబోయారు.

"పేరు మారిస్తే కర్ర కర్ర కాకుండా పోతుందాండీ?" అన్నారు అత్తయ్య. "నా చేతికి కర్ర ఇచ్చే రోజున పెట్టె కూడా చేయించెయ్యండి."

ఆ పెట్టె ఏ పెట్టో మావయ్యకి తెలుసు. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. కాని ఆ కుర్చీ రోజురోజుకీ ఆవిడకి అతుక్కుపోతుంటే ఆయన పడే బెంగ నేను చూశాను. సరదాగా తిరిగే ఆయన, ఆవిడని వదిలి వీధి గుమ్మం దాటడానికి కూడా మొహమాటపడేవారు.

ఆ చలికాలంలో పెదపాడు అవతల, కొల్లేరు అంచున, తెలిసినవాళ్ళ చేపలచెరువు దగ్గరికి పోదామన్నారు మావయ్య. గట్టు మీద నీడ ఉండదండీ అని అత్తయ్య అడ్డం పడ్డారు. నీడ నా సంచిలో ఉంది అన్నారాయన. ఆ మాట అనడానికే ఈ ప్రయాణం పెట్టారేమోనని నా అనుమానం. ఆటో మాట్లాడుకుని ముగ్గురం వెళ్ళాం. ఆటో గట్టు మీదికి వచ్చింది గనక అత్తయ్య నాలుగడుగులు నా భుజం పట్టుకుని నడిస్తే సరిపోయింది.

గుడారం వెయ్యడం మొదలైంది. గట్టు మట్టి మెత్తన, మేకు దిగగొడితే వేలితో లాగినా వచ్చేస్తోంది. హిమాలయాల్లో ఇలా లేదే అని మావయ్య తెగ నొచ్చుకున్నారు. చెరువు కాపలా ఆయన కాసేపు చూసి, నవ్వు ఆపుకుని, చేపల మేతకి తెచ్చిన తవుడు బస్తాలు దొర్లించి తాళ్ళు వాటికి కట్టించాడు. రెండు కర్రల మీద గుడ్డ నిలబడింది. ఈకంత బరువు కూడా లేదు చూడండి అని మావయ్య ఆయనకి రెండుసార్లు చెప్పారు. లోపలంతా తవుడు వాసన. కుర్చీ పట్టదు, అత్తయ్య కింద కూర్చోలేరు. అందుకని చేపల ట్రే బోర్లించి, కర్రల పక్కనే కూర్చోబెట్టాం. కొరమీను వేపుడు డబ్బా గుడ్డలో మూటకట్టి గుమ్మం దగ్గర పెట్టాను.

ఇక భోజనానికి ముందు ప్రార్థన. మావయ్య ప్రార్థన మా బంధువుల్లో పేరుపొందినది. అన్నంతో మొదలై, వండిన చేతుల మీదుగా రైతులకీ, వానలకీ, మంత్రులకీ వెళ్ళి, చల్లారిన అన్నం దగ్గరికి తిరిగొస్తుంది. కళ్ళు తెరవకూడదు, మధ్యలో ఆపకూడదు. మేమిద్దరం కళ్ళు మూసుకున్నాం. అత్తయ్య మాత్రం ఒక కన్నే మూశారు. పిల్లల్లో ఎవరు కళ్ళు తెరిచారో కనిపెట్టడానికి స్కూల్లో అబ్బిన అలవాటు అది. ఆ తెరిచిన కంటికి కాపలా ఆయన కుక్క కనిపించింది. మా మూట ముడి నోట కరుచుకుని వెళ్తోంది.

"ఛీ" అన్న ఒక్క మాట వినిపించింది. ఆకాశం మా నెత్తిన పడింది. అదిలించడానికి చేతికందిన కర్ర ఒకటి, లేచి నిలబడటానికి ఇంకోటి, అత్తయ్య రెండూ లాగేశారు. గుడ్డ కింద మావయ్య మాత్రం ప్రార్థన ఆపలేదు. "ప్రభువా, మా మీద ఏ భారం పడినా మోసే శక్తినివ్వండి" అని కొత్తగా చేర్చారు. అంత తేలిక గుడ్డకి ఆ ప్రార్థన ఎక్కువే. అప్పటికింకా మంత్రుల దాకా వచ్చారంతే. రైలులా మిగతాదంతా పరుగెత్తించి ఆమెన్ అన్నాక గాని నన్ను కదలనివ్వలేదు.

బయటపడి చూస్తే అత్తయ్య గట్టు మీద చాలా దూరంలో ఉన్నారు. కుక్క మూట వదిలేసి ఎటో పోయింది. ఆవిడ ఆ మూటని దాటి ఇంకా వెళ్తున్నారు. ఎడమ కర్ర, కుడి కాలు, కుడి కర్ర, ఎడమ కాలు. ఎవరూ నేర్పలేదు. తూము దాటి, కొల్లేరు విప్పారి కనిపించే మలుపు దగ్గర ఆగారు. గూడబాతులు గుంపుగా నీళ్ళ మీద వాలుతున్నాయి. నేను భయపడి కేకెయ్యబోతే మావయ్య నా చెయ్యి పట్టుకున్నారు.

"పిలవకమ్మా. పిలిస్తే చేతిలో ఏముందో చూసుకుంటుంది."

కాలికి గుడారం తాళ్ళు చుట్టుకుని, తలనిండా తవుడుతో, ఆయన అలాగే నిలబడి చూశారు. కళ్ళు తుడుచుకోలేదు. నేనే ముఖం అటు తిప్పుకున్నాను. చాలాసేపటికి అత్తయ్య వెనక్కొచ్చారు. చెమటలు పట్టి, రొప్పుతూ, ముఖం మాత్రం క్లాసులో పాఠం బాగా కుదిరిన రోజులా ఉంది. మా అవతారాలు ఎగాదిగా చూశారు. కర్రలు మావయ్య ముందు పెట్టారు.

"ఏవండీ, ఇవి కాస్త పొడుగు చెయ్యండి. నడుం వంగుతోంది."

తర్వాత మావయ్య గుడారానికి గుంజలు దొరకలేదు. ఆదివారం అవి చర్చిలో ఉండేవి, మిగతా రోజుల్లో బజారులో. ఆ హిమాలయాల గుడ్డ మేడ మీద ఎండుమిరపకాయల కిందికి చేరింది. ఆయన ఒక్కరోజూ కర్రలు తిరిగి అడగలేదు. ఇప్పుడు ఇద్దరూ లేరు. కుర్చీలో కూర్చున్న అత్తయ్య నాకు ఎంత గుర్తు చేసుకున్నా సరిగ్గా కనిపించరు, గట్టు మీద నడిచే అత్తయ్యే కనిపిస్తారు. ఒక పంతం వదలడానికి మనిషికి ఏళ్ళు పడుతుంది, వదిలాక మిగిలేవి కొద్ది ఏళ్ళే. వెనక్కి తిరిగి చూస్తే మాత్రం, ఆ కొద్ది ఏళ్ళే మొత్తం జీవితమంత పొడుగ్గా కనిపిస్తాయి.