కళ్లారాకు సుగుణమ్మ

ఇందుకూరుపేట సుగుణమ్మగారు, మా మేనత్త, ప్రభువు పిలుపు అందుకున్నారన్న వార్త బుచ్చిరెడ్డిపాలెంలో నా చెవిన పడేసరికి మా పొయ్యి మీద ఆమె పంపిన ఆకే మరుగుతోంది. గిన్నె దించడం మరిచిపోయాను. నీరంతా ఇగిరి, ఆకు మాడి, ఇల్లంతా ఆ వాసనే కమ్ముకుంది. కన్నతల్లి పోయిననాడు కూడా నేనంత ఏడవలేదు. సమాధి కార్యక్రమం ముగిసిన వెంటనే మన సంఘ పత్రిక సంపాదకులు నన్ను పక్కకు పిలిచి, "అమ్మగారి ఔదార్యం గురించి మీరే రాయాలి" అన్నారు. రాస్తానని మాట ఇచ్చాను. ఇచ్చిన మాట వెనక మరో మాట దాచుకోవడం మా వంశంలో ఆమెతోనే ఆఖరు కావాలని రాస్తున్నాను.

ఎరగనివారి కోసం ముందు ఆ ఆకు సంగతి. నయాపైసలు వచ్చిన కొత్తలో, మిషను బంగళా దొరసాని స్వదేశానికి వెళ్ళిపోతూ, తనకు చాలాకాలం వండిపెట్టిన మా మేనత్తకు ఒక పొట్లం గింజలు ఇచ్చింది. దాని పేరు క్లారీ సేజ్ అట. కంట్లో నలుసు పడితే ఒక్క గింజ వేస్తే చాలు, అది తడికి ఉబ్బి, జిగురై, నలుసును పట్టుకుని బయటికొస్తుందని కూడా చెప్పిందట. కంటి మాట వినబడ్డాక మావాళ్ళు ఆగుతారా? క్లారీ కాస్తా 'కళ్లారాకు' అయి కూర్చుంది. వెడల్పాటి ఆకు, ఒళ్ళంతా నూగు, మొదటిసారి వాసన చూసినవాళ్ళు ముఖం చిట్లించే ఘాటు. వానలు తెరిపిచ్చాక ఆమె ఇసుక పెరట్లో మొలిచేది, ఎండలు ముదిరితే గింజలిచ్చి ఎండిపోయేది. మళ్ళీ కావాలంటే మళ్ళీ గింజ నాటుకోవాల్సిందే.

ఆదివారం ఆరాధన కాగానే సంఘంలో సగంమంది ఆమె అరుగు మీదే ఉండేవారు. ఎండబెట్టిన ఆకును మరిగించి, తాటిబెల్లం వేసి, దించాక నిమ్మకాయ పిండి గ్లాసుల్లో పోసేది. లేత ఆకుల్ని శనగపిండిలో ముంచి బజ్జీలు వేసేది. మైపాడు నుంచి వంజరం చేప వస్తే ముక్కల కింద ఆకు పరిచి ఆవిరికి ఉడికించేది. ఆ పూట వీధివాళ్ళకు ఏదో ఒక పని ఆమె ఇంట్లోనే తగిలేది. "కాఫీ తాగినోళ్ళకు నోరు లేస్తాది, ఇది తాగినోళ్ళకు మనసు కూర్చుంటాది" అనేది.

ఒకసారి క్రిస్మస్ పాటల ఊరేగింపులో ముందు ఎవరు నడవాలని ఇద్దరు సంఘపెద్దలు చొక్కాలు పట్టుకునేదాకా వచ్చారు. ఆమె చెరొక గ్లాసూ చేతిలో పెట్టి, "ముందు తాగండి అబ్బయ్యా, తర్వాత తీరిగ్గా కొట్టుకుందురు" అంది. గ్లాసు పట్టుకున్న చేత్తో చొక్కా పట్టుకోవడం కుదరక ఇద్దరూ నవ్వేశారు. అలాంటి సమయస్ఫూర్తి, అలాంటి వాత్సల్యం ఆమెవి. నేను కాదనను.

గింజ అడిగిన మనిషికి లేదనకూడదన్నది మా వైపు ఆచారం. ఆమె ఎవరినీ లేదనలేదు. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసి, కొంగు చివర తానే ముడివేసి పంపేది. అవి ఎవరి పెరట్లోనూ మొలవలేదు. సుగుణమ్మ చేతి మహిమ అనుకుని జనం మళ్ళీ ఆమె అరుగే ఎక్కేవారు.

నేనూ పెళ్ళయి వచ్చిన ఏడు నుంచీ నాటాను. కుండల్లో, ఇసుక తెప్పించి, నీడలో, ఎండలో. నాకు బిడ్డలు లేరు. ఒకనాడు మా మేనత్త మా ఇంటికి వచ్చి, వట్టి కుండలు చూసి, మా అత్తగారి ఎదుటే అంది: "కొన్ని చేతులకు మొలక రాదు, అమ్మాయ్. దేవుడి చిత్తం." మా అత్తగారు ఆ మాటను పట్టుకున్నారు. నారు పోసే రోజున నేను విత్తన వడ్ల గంప ఎత్తబోతే, "నువ్వు ముట్టుకోబాకమ్మా" అన్నారు. ఆనాటి నుంచీ ఆ గంప ఉన్న వైపు నేను వెళ్ళలేదు. ఇందుకూరుపేట వచ్చి మా మేనత్త ఒడిలో తలపెట్టి ఏడ్చాను. కొంగుతో కళ్ళు తుడిచి, "ఈసారి ఉపవాసముండి ప్రార్థన చేసి ఇస్తా ఉండా, పో" అని మళ్ళీ గింజలు ముడివేసింది.

సమాధి నుంచి అందరూ ఇళ్ళకు పోయాక, ఆమె ఇంట్లో పని చేసే మానెమ్మను గింజలు అడిగాను. గుర్తుగా దాచుకుందామని. మానెమ్మ వంటింటి గడప దగ్గర ఆగి, మామూలుగా అడిగింది:

"నాటేదానికా అమ్మా, ఇచ్చేదానికా?"

"రెంటికీ తేడా ఏంది, మానెమ్మా?"

"ఇచ్చేవి అమ్మ పెనం మీద వేయించి పెడతాది గదా. రెండూ వేరే వేరే డబ్బాలు. మీకు తెలవదా?"

"నాకిచ్చినవి?"

మానెమ్మ నా ముఖం చూసి తల దించుకుంది. "అందరికీ ఆ డబ్బాలోయే అమ్మా."

ఆకు ప్రతి పెరట్లోనూ ఉంటే ఆ విధవరాలి అరుగెక్కేదెవరు? దొరసాని పోయాక ఆమెకు మిగిలిన గౌరవమంతా ఆ గ్లాసులోనే ఉంది. లేదనడానికి ఆచారం అడ్డం, ఇవ్వడానికి భయం అడ్డం. ఇదంతా నాకు అర్థమవుతుంది. అర్థమైనంత మాత్రాన నా కడుపుమంట చల్లారలేదు. ఊరిని మోసం చేసిందంటే సరే, నన్నెందుకు? నా కళ్ళు తుడిచిన చెయ్యీ, పెనం మీద గింజలు కదిపిన చెయ్యీ ఒక్కటే. నా చేతిలో లోపం లేదని ఈ లోకంలో ఆమె ఒక్కతికే తెలుసు. తెలిసి ఊరుకుంది.

కనుక ఆమె దగ్గర గింజలు తీసుకున్న అక్కలారా, అన్నలారా, మీ చేతుల్లో ఏ దోషమూ లేదు. మీ ప్రార్థనల్లోనూ లేదు. నాటే డబ్బా ఇప్పుడు నా దగ్గరుంది. వచ్చి తీసుకెళ్ళండి.

నేను నాటాను. పాత కుండలోనే, పాత ఇసుకలోనే. నిన్న పొద్దున చూస్తే కుండ నిండా ఆకుపచ్చగా లేచి ఉన్నాయి. మా అత్తగారు వంగి చాలాసేపు చూశారు. సాయంత్రం విత్తన వడ్ల గంప తెచ్చి నా ముందు పెట్టి, "తాలు చెరిగిపెట్టమ్మా" అన్నారు.

ఏ మంచి కబురైనా ముందు మా మేనత్తకు చెప్పడం నాకు చిన్ననాటి అలవాటు. ఆ మాట వినగానే చేట పక్కన పెట్టి, చీర మార్చుకుని, ఇందుకూరుపేట బస్సుకని వీధిలోకి వచ్చేశాను. అప్పుడు గుర్తొచ్చింది.

'మొలిచినాయత్తా' అని ఆమె ముఖాన కొట్టినట్టు చెప్పి, ఆమె ఒళ్ళోనే పడి ఏడ్చే అవకాశం లేకుండా చేసి పోయింది. ఆమె నాకు చేసిన అన్యాయాల్లో దీన్ని మాత్రం నేను క్షమించలేను.