పాయింట్ ఇరవై అంటే అర

మా నారాయణఖేడ్ దిక్కు భూమి లెక్క రానివాడిని మనిషి కింద జమకట్టరు. నేను బడికి పోలేదు. అక్షరాలు బస్సుల బోర్డుల మీద, అంకెలు భూమి పాసుబుక్కుల్లో నేర్చుకున్నాను. మా పాసుబుక్కులో మా పొలం 3.20 అని ఉంటుంది. అంటే మూడెకరాల ఇరవై గుంటలు. నలభై గుంటలకు ఎకరం కనుక, మూడున్నర ఎకరాలు.

నా మనుమరాలికి ఆరో తరగతిలో భిన్నాల పాఠం వచ్చింది. పావు కంటే ఎనిమిదో వంతే పెద్దదని వాదించేది, నాలుగు కంటే ఎనిమిది పెద్దది గదా అని. బడిలో గుండ్రటి బొమ్మలు గీయించి, ముక్కలకు రంగులు వేయించారు. రంగులు బాగానే వేసింది. లెక్క మాత్రం రాలేదు. బడి గోడ అవతలే చేను పెట్టుకొని పిల్లలకు బొమ్మలు చూపిస్తారేమిటని నాకు ఇప్పటికీ మంటే. ఆమె ఏడుస్తుంటే చూడలేక చెయ్యి పట్టుకొని మా కందిచేనుకు తీసుకుపోయాను.

"గీ గట్టు నుంచి గా తుమ్మచెట్టు దాకా ఎకరం. నాలుగు పాళ్లు చేస్తే ఒక్క పాలు ఎంత?"

"పది గుంటలు."

"అది పావు. రెండు పాళ్లు?"

"ఇరవై. అర!" అని ఎగిరింది. కాసేపు తనలో తాను గొణుక్కుని, "తాతా, ఎనిమిది మందికి పంచితే ఒక్కొక్కలకు అయిదే గుంటలొస్తయి. ఎనిమిదో వంతే చిన్నది!" అంది.

ఇంటిదాకా దారిలో కనిపించిన చేనునల్లా పంచుతూనే నడిచింది. ఆ తరువాత రోజూ బడి సంచితో నేరుగా నా మంచం దగ్గరికే వచ్చేది. అంతకుముందు ఆ ఇంట్లో నన్నొక సంగతి అడిగినవాళ్లు లేరు.

పరీక్షలో అరను పాయింట్ పెట్టి రాయమన్నారు. 0.20 అని రాసింది. పావు 0.10, ముప్పావు 0.30. అన్నిటి మీదా ఎర్రగీతలే.

రుమాలు చుట్టుకొని బడికి పోయాను. పిల్లలంతా చూస్తుండగానే టీచరమ్మను నిలదీశాను. "గిదేంది? సర్కారే పాసుబుక్కుల పాయింట్ ఇరవై అని రాస్తది. అది అర గాదా?"

ఓపిక గల మనిషి. "అది గుంటల లెక్క తాతా. ఇక్కడ అరంటే పాయింట్ యాభై. పాప హుషారే, నేను మెల్లగ చెప్త," అంది.

"యాభై గుంటలకు అరెకరం ఏ ఊర్ల ఉంది? సిర్గాపూర్ల ఉన్నదా, నాగల్‌గిద్దల ఉన్నదా?"

పిల్లలు గొల్లున నవ్వారు. టీచరమ్మను చూసి నవ్వుతున్నారనుకున్నాను. మనుమరాలు నా అంగీ పట్టి లాగింది. "ఇంటికి పోదాం పా తాతా."

దారిలో అడిగింది. "అర రెండు తీర్లు ఉంటదా?"

"మనది ఒక్కటే అర. బడిది దొంగ లెక్క," అన్నాను.

మర్నాటి నుంచి సంచి నా మంచం దగ్గరికి రాలేదు. బడి లెక్క బట్టీ పట్టింది, గట్టెక్కింది. ఇంటర్‌లో లెక్కలు లేని గ్రూపు తీసుకుంది. చాలా నాళ్లకు బట్టల దుకాణంలో మీటరు బద్ద మీద సగం యాభై దగ్గర ఉండటం చూసి నేను నిలబడిపోయాను. ఆమె అడిగినదానికి జవాబు అక్కడ ఉంది. అడిగేవాళ్లు మాత్రం లేరు.

మొన్న పొలాన్ని నా ఇద్దరు కొడుకులకు పంచే మాట వచ్చింది. మనుమరాలు ఫోన్‌లో 3.20 కొట్టి రెండుతో భాగించింది. "ఒకటి పాయింట్ ఆరు, అంటే పాయింట్ అరవై. ఒక్కొక్కలకు ఎకరం అరవై గుంటలు తాతా."

"అరవై గుంటలేంది బిడ్డా? నలభైకే ఎకరం నిండుతది."

"ఫోన్ల గిట్లనే వస్తది మరి."

"ఫోన్ల వందకు నిండుతది. మీ బడిల గూడ గంతే. నలభైల అర ఇరవై, వందల అర యాభై. దేంట్ల అర అన్నది ముందు చూడాలె."

ఫోన్ పక్కన పెట్టింది. పెదవులు కదిపింది, వెనకట చేనులో కదిపినట్టే. "ఎకరం ముప్పై గుంటలు," అంది. తరువాత నా దిక్కు చూసి నవ్వింది. "గీ ముక్క గా దినమే చెప్పకపోతివి."

"మూడు పాళ్లు చేస్తే ఎంతొస్తదో చెప్పు మరి," అన్నాను ఆశగా.

ఆమె అప్పటికే చెప్పులేసుకుంటోంది. "గిప్పుడు నాకు లెక్కలు లేవు గద తాతా."