నీళ్ళు పోసిన స్లైడు

ఒక అబద్ధాన్ని ఇన్నేళ్ళుగా మోస్తున్నాను. కట్టుకున్న మనిషికి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో.

డెబ్బైల చివర్లో సంగతి. జంషెడ్‌పూర్‌లో ఒక ఆసుపత్రి ల్యాబులో, రోగుల ఒంట్లోంచి తీసిన ముక్కలకు రంగులద్దే పని నాది. బిర్సానగర్ కార్మికుడు అప్పలనాయుడి కడుపులోని గడ్డ ముక్క మా దగ్గరికి వచ్చింది. కణాలకు ఒక తీరూ తెన్నూ లేదు. అది జిగురు ఊరే కేన్సరో, లింఫు కణాల గడ్డో తేల్చమన్నారు మా బెంగాలీ డాక్టరుగారు. మొదటిదైతే అప్పటికే ముదిరిపోయింది, చేసేదేమీ లేదు. రెండోదైతే మందులకు లొంగే ఆశ ఉంది.

అది తేల్చడానికి వేసే గులాబీ రంగు జిగురుకూ పడుతుంది, కణాల్లో ఉండే పిండికీ పడుతుంది. అందుకని రెండు స్లైడులు తీసి, ఒకదాని మీద ముందు మనిషి ఉమ్మి పోసి ఉంచేవాళ్ళం. ఉమ్మి పిండిని కరిగించేస్తుంది. ఆ తర్వాత కూడా గులాబీ నిలిస్తే అది జిగురే. ఆ పని ఎప్పుడూ మా అటెండరు చేసేవాడు. ఆ రోజు అతను సెలవు.

ఎంగిలంటే ఆమడ దూరం జరిగే ఇంట్లో పుట్టాను నేను. ఒకరి కడుపు ముక్క మీద నా ఎంగిలి పొయ్యడానికి మనసొప్పలేదు. నీళ్ళు పోశాను. నీళ్ళకేం కరుగుతుంది? రెండూ గులాబీగానే వచ్చాయి. ఉమ్మి పెట్టావా అని డాక్టరుగారు అడిగితే పెట్టానన్నాను. ఆయన నమ్మి కేన్సరని రాశారు.

తెలుగువాళ్ళకు ఫలితం చెప్పేది నేనే. వరండాలో అప్పలనాయుడి భార్య నా ముందు చేతులు కట్టుకుని నిలబడింది.

"మందేటీ నేదా బాబూ?"

"లేదమ్మా. ఊరికి తీసుకెళ్ళిపో."

"నువ్వు మనోడివి. నువ్వు సెప్తే సాలు."

వాళ్ళు రైలెక్కేశాక అటెండరు వచ్చాడు. మనసాగక, మిగిలిన ముక్క మీద అతని చేత ఉమ్మి పెట్టించి రంగు వేశాను. గులాబీ మొత్తం పోయింది. అంటే జిగురు కాదు, మందులకు లొంగే ఆ రెండో గడ్డే కావచ్చు. అప్పుడైనా డాక్టరుగారికి చెబితే వాళ్ళ ఊరికి టెలిగ్రాం ఇచ్చేవారు కదా? ఎందుకు చెప్పలేదు? ఉద్యోగం పోతుందనా, ఆయన ముందు తల వంచాలనా? రెండూ. ఆ స్లైడును చెత్తబుట్టలో వేశాను. మందిస్తే అతను బతికేవాడో లేదో నాకు తెలియదు, ఎవరికీ తెలియకుండా చేసింది నేనే.

తర్వాతెప్పుడో జంషెడ్‌పూర్‌లోనే, బారిడీహ్ బజారులో, ఊరి నుంచి తిరిగొచ్చిన ఆమె కనిపించింది. నుదుట బొట్టు లేదు. పక్కన స్కూలు బట్టల్లో కూతురు.

"ఈ బాబేనే. ఉన్నమాట సెప్పి మీ అయ్యని కన్నోల్ల కాడికి పంపినాడు. దండమెట్టు."

ఆ పిల్ల వంగి నా కాళ్ళు ముట్టుకుంది. నేను కాళ్ళు వెనక్కి తీసుకోలేదు. ఆశీర్వదించాను కూడా.

మీ నాన్నకు మందు ఉండేదేమో తల్లీ, నేను అబద్ధమాడాను. ఇది ఆ పిల్లకు చెప్పవలసిన మాట. మీకు చెప్పాను. గుండె కాస్త తేలికైంది. తేలికపడే హక్కు నాకెక్కడిది?