చీర గార్డు చప్పుడు

పోయినేడాది మా పినపాక నుంచి నా ముప్పై ఏళ్ల పాత మోటార్‌సైకిల్‌ను రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కు ఆర్టీఓ ఆఫీసుకు తీసుకెళ్లాను. ఇన్‌స్పెక్టర్ వెనక చక్రం వైపు వంగి చూశాడు.

"చీర గార్డేది పెద్దాయనా? అది లేకుంటే పాస్ కాదు."

"వెనక కూసునే మనిషే లేదు సార్" అన్నాను. లైన్లో ఎవరో కిసుక్కున నవ్వారు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

మా ఆవిడ చీర చక్రంలో పడకుండా కాసిన ఆ ఇనుప జాలీ, ఆమె కాలు ఆనినంతకాలం కదిలేది కాదు. ఆమె చనిపోయాక ఒకటే గలగల. వినలేక నేనే విప్పి అటక మీద పడేశాను.

మర్నాడు దాన్నే మళ్లీ బిగించి, బండి పాస్ చేయించుకున్నాను. తిరిగి వస్తుంటే అడవి దారంతా గలగల. మలుపులో గుంత రాగానే అలవాటుగా అనేశాను, "చీర దగ్గరికి పట్టుకో!"

ఊఁ అనే మనిషి లేదు. గార్డు మాత్రం గలగలమంది.

దాన్ని ఇక విప్పలేదు.