ఎడమచేతి పూతరేకు

ఆరేళ్లుగా ఒక ఫొటో నా గుండె మీద కూర్చుంది. లేవమంటే లేవదు. నా పేరు అడక్కండి. క్షమించమని నేనూ మిమ్మల్ని అడగను. వినండి, చాలు.

మాది రామచంద్రపురం దగ్గర పల్లె. నేను తినేదల్లా ఫొటో తీసి, పదిమందీ చూసేలా ఫోన్‌లో పెడతాను. ముందు ఫొటో, తర్వాతే ముద్ద. చల్లారిన కూర తినడం మా ఇంటిల్లిపాదికీ అలవాటైపోయింది. దానికి సిగ్గుపడను. కంటితో తిన్నాక నోటితో తింటే రుచి రెండింతలని ఇప్పటికీ నమ్ముతాను.

మా తోటికోడలు రత్నం పుట్టిల్లు ఆత్రేయపురం. పూతరేకులు చేస్తుంది. బోర్లించిన కుండ కింద కొబ్బరాకుల మంట, పైన పిండిలో ముంచిన గుడ్డతో ఒక్క లాగు, అంతే, పల్చటి రేకు. దాన్ని ఎడమచేత్తో లేపుతుంది. పుట్టుకతో ఎడమచేతి వాటం. తినడం మాత్రం కుడిచేత్తోనే, చిన్నప్పుడు కొట్టి నేర్పించారట. ఒకరోజు నాకోసమని బెల్లం, జీడిపప్పు పెట్టి చేస్తుంటే ఫొటో తీశాను. రేకులోంచి వెలుగు వస్తోంది. అంత మంచి ఫొటో మళ్లీ తీయలేదు.

ఎడమచేత్తో చేసిన తీపి అంటే జనం మొహం చిట్లిస్తారనుకున్నాను. అందుకే ఫోన్‌లోనే ఆ ఫొటోను కుడిఎడమలుగా తిప్పేశాను. ఎడమచెయ్యి కుడిచెయ్యి అయింది. ముఖం కత్తిరించి, చేతులు మాత్రం అందరూ చూసేలా పెట్టాను. మరి ఆమె ముఖం ఎందుకు కత్తిరించాను? అదీ జనం కోసమేనా? కాదు. మీ చేతిలో ఎంత పనితనమండీ అని రాసినవాళ్లందరికీ దండం బొమ్మ పెట్టాను. అవి నా చేతులు కావని ఒక్కరికీ చెప్పలేదు.

నా పుట్టినరోజుకి అందరం రాజమండ్రిలో హోటల్‌కి వెళ్లాం. మా పెద్దాడపడుచు ఆ ఫొటో తెరిచి, నన్ను మెచ్చుకుంటూ ఫోన్ బల్ల చుట్టూ తిప్పింది. అది రత్నం దగ్గరికి వచ్చింది. చాలాసేపు చూసింది.

"ఏంటక్కా, ఇందులో నా చెయ్యి మారిపోయింది?" అంది, నాకు మాత్రమే వినపడేలా.

"ఫోన్ అలాగే తీస్తుందిలే. బిర్యానీ చల్లారిపోతోంది, తిను."

తినేది చల్లారుతుందని నేను కంగారుపడింది జన్మలో ఆ ఒక్కరోజే. రత్నం తింది.

ఆ తర్వాత కుండ పెట్టిన రోజు నాకు కబురు చేయడం మానేసింది. డబ్బా మాత్రం పండగ పండగకీ పంపుతుంది, బెల్లం, జీడిపప్పు, నాకిష్టమైనట్టే. తిట్టినా బాగుండేది. నేను తింటాను. ఫొటో మాత్రం తీయను.

నా ఫొటో లేకపోతే ఆ పనితనం మా వీధి దాటేది కాదని నాకు నేను ఎన్నిసార్లో చెప్పుకున్నాను. అది నిజమే, ఇప్పుడూ వాదిస్తాను. కానీ వీధి దాటింది ఎవరు? రత్నమా, నేనా?

ఈ ఉదయం అసలు ఫొటో పెట్టాను. తిప్పకుండా, కత్తిరించకుండా. ఆమె ముఖం, ఆమె ఎడమచెయ్యి, కింద ఆమె పేరు. మొహం చిట్లించేవాళ్లు చిట్లించుకోండి. రత్నం చూసిందో లేదో తెలియదు. చూసినా ఏమీ అనకపోవచ్చు. అననక్కర్లేదు కూడా. ఆరోజు బల్ల దగ్గర చెప్పాల్సిన జవాబు ఇప్పుడు చెబుతున్నాను.

ఫోన్ అలా తీయదు, రత్నం. నేనే తిప్పాను.